తాత గురక

నానీ ఇప్పుడైనా "భౌ" అంటుందేమోనని రేష్మాకు భయంగా ఉంది. అనకపోతే అంతకన్నా భయంగా ఉంది.

తెల్లవారి ఫజర్ నమాజు చేసి, తస్బీ పూసలు చేతిలో పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్న అమ్మమ్మ జాన్ బీ, చాయ్ పెట్టానని మనవరాలు పిలిస్తే పలకలేదు. నానీ వేషాలు తెలిసినవే కాబట్టి రేష్మా మొదట నవ్వింది. కళ్లు మూసుకుని బిగుసుకుపోయి, దగ్గరికి రాగానే "భౌ" అని మీద పడటం ఆమెకు డెబ్భై దాటినా పోని అలవాటు. రేష్మా భుజం తట్టింది. తస్బీ జారి చాప మీద పడింది. జాన్ బీ తల మెల్లగా ఒక పక్కకు వాలింది, అంతే.

అప్పటి నుంచి రేష్మా మేడమెట్ల మీద కూర్చుని ఉంది. భుజం తట్టిన చెయ్యిని మాత్రం ఒళ్లో పెట్టుకోకుండా, తనది కానట్టు దూరంగా మెట్టు మీద పెట్టుకుంది. ఇల్లు నిండిపోయింది. అమ్మ సబీహా నేరేడ్‌మెట్ నుంచి ఆటోలో ఏడ్చుకుంటూ వచ్చింది. మేనమామ అన్వర్ మామూ కింద పరుపుల దుకాణం షట్టర్ సగం దించి, ఫోను చెవికి పెట్టుకుని గల్లీలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. అందరూ ఏడుస్తున్నారు. రేష్మాకు ఏడుపు రావడం లేదు. భయం ఏడుపును కూడా రానివ్వదని ఆమెకు ఆ రోజే తెలిసింది.

శవాలంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ భయమే. శవాన్ని మోసుకెళ్లే జనాజా గల్లీ మలుపు తిరిగిందంటే మంచం కింద దూరేది. తీరా చూస్తే ఆమె పెరిగిందేమో సీతాఫల్‌మండిలో చనిపోయిన ఆడవాళ్లకు గుసుల్ చేసే జాన్ బీ ఇంట్లో. ఏ ఇంట్లో ఆడమనిషి కన్నుమూసినా, ఆ చివరి స్నానానికి కబురు జాన్ బీకే వచ్చేది. కర్పూరం, అత్తరు, చేతికి తొడుక్కునే గుడ్డసంచులు ఒక నీలం సంచీలో వేసుకుని వెళ్లేది. పైసా ముట్టేది కాదు. అది అల్లా పని, అల్లా దగ్గర ఖాతా ఉంది అనేది. తిరిగొచ్చి తలారా స్నానం చేసి, ఆ తడి చేతులతో మనవరాలిని గల్లీ పొడుగునా తరిమేది. "రాయే, ఒక్క ముద్దు పెడ్త! ఒక్కటే!" గల్లీ అంతా నవ్వేది. రేష్మా ఒక్కతే నిజంగా ఏడ్చేది.

ఇప్పుడు ఆ జాన్ బీకి గుసుల్ చేసేదెవరు? దానికి జవాబు జాన్ బీయే ఎన్నడో చెప్పిపెట్టింది. రేష్మా భయమంతా ఆ జవాబు గురించే.

కర్ర టకటకలాడించుకుంటూ ఖైరున్ బీ వచ్చింది. జాన్ బీ కడుగుతుంటే చెంబుతో నీళ్లు పోసేది ఈమే. ఇద్దరిదీ ఎన్నో ఏళ్ల జోడీ. ఇప్పుడు ఆమె కళ్లకు పొరలు కమ్మాయి, వేళ్లు ముడుచుకుపోయాయి. చెంబు పట్టుకోగలదు గానీ మనిషిని తోమలేదు.

"లెవ్వు బిడ్డా. నీళ్లు కాగుతున్నయి," అంది.

"నాతోని కాదు ఖైరున్ నానీ. నాకు భయమైతది."

"అయితది," అంది ఖైరున్ బీ. నీలం సంచీని రేష్మా ఒళ్లో పెట్టి అక్కడే నిలబడింది.

లోపలి నుంచి సబీహా విసురుగా వచ్చింది. "నేను చేస్త. నా కన్నతల్లి. ఈ పిల్ల బల్లిని చూస్తెనే ఉరుకుతది, ఇది చేస్తదా? నా చేతులకేమైంది?"

"నువ్వొద్దన్నది మీ అమ్మ."

"మజాక్‌కు అన్నది!"

అరుగు మీద కూర్చున్న శారదమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఎదురింటావిడ. జాన్ బీతో రోజూ అష్టాచెమ్మా ఆడేది, రోజూ ఓడిపోయేది, ఎందుకంటే జాన్ బీ గవ్వలను చీరకుచ్చిళ్ల చాటున తిప్పేసేది. "సబీహా ముట్టుకుంటే ఏడ్చి ఏడ్చి నీళ్లన్ని ఉప్పు చేస్తది. ఊరగాయ లెక్క పోవాల్నా నేను అల్లా దగ్గరికి? అంటుండె," అని గుర్తు చేసింది. చెబుతూనే ఫక్కున నవ్వి, ఆ నవ్వులోనే మళ్లీ ఏడ్చింది. "ఎన్ని మాటలమ్మా! నవ్వు నాలుగు విధాల చేటు జాన్ బీ అంటే, చేటు చాటంత ఉన్నా నాకు నవ్వే కావాలె అంటుండె."

అప్పుడే అన్వర్ గల్లీలోంచి వచ్చాడు. ఫోనులో కొడుకు తారిఖ్‌తో మాట్లాడుతున్నాడు. "ఆఁ, మా అబ్బా సమాధి పక్కనే. జాగా ఉంచినం కదా. తవ్వుడు షురూ చెయ్యమను. పగటి జొహర్ నమాజు అయినంక తీస్కొస్తం."

"అయ్యో అన్వరూ, ఆయన పక్కనా?" అంది శారదమ్మ. "మీ అమ్మ ఒప్పుకుంటదా నాయనా? ఆయన పక్కన పెట్టకుండ్రి, ఆ గురకకు ఖయామత్ దాంక నాకు నిద్ర పట్టది, అనకపోతుండెనా!"

కూర్చున్న ఆడవాళ్లంతా నవ్వారు. ఆ మాట గల్లీలో వినని వాళ్లు లేరు. పెళ్లిళ్లలో ఢోలక్ ముందు కూర్చుని, నుమాయిష్‌లో జెయింట్ వీల్ పైన అల్లాను తలుచుకుంటూ కేకలు పెట్టి దిగాక, భర్త పీరా సాబ్ వర్ధంతికి ఫాతెహా చదివించి తీపి పంచుతూ కూడా అదే మాట. ఆ మాటకు ప్రతిసారీ అందరికన్నా గట్టిగా నవ్వేది అన్వరే. ఇప్పుడు కూడా నవ్వాడు. తర్వాత మొహం తుడుచుకుని, "టైమ్ లేదు. ఎవరు చేస్తరో చెయ్యుండ్రి," అని లోపలికి నడిచాడు.

రేష్మా సంచీ పట్టుకుని లేచింది. ధైర్యం వచ్చి కాదు. ఖైరున్ బీ ఆ ముడుచుకుపోయిన వేళ్లతో ఆమె జబ్బ పట్టుకుని లేపింది, అందుకని లేచింది.

పెరట్లో స్నానాల గది ముందు నాలుగు పక్కలా దుప్పట్లు కట్టారు. మసీదు నుంచి తెచ్చిన చెక్క తఖ్తా మధ్యలో ఉంది. దాని చుట్టూ తిప్పిన లోబాన్ పొగ ఇంకా విడలేదు. బక్కెట్లలో రేగాకు వేసి కాచిన నీళ్లు ఆకుపచ్చగా ఆవిరి కక్కుతున్నాయి. తఖ్తా మీద మెడ నుంచి మోకాళ్ల కింది దాకా ముదురు రంగు దుప్పటి కప్పి నానీని పడుకోబెట్టారు. గడ్డం కింద నుంచి తల మీదికి గుడ్డకట్టు. పన్ను నొప్పి వచ్చినప్పుడు కూడా అలాగే కట్టుకుని గల్లీలో అందరికీ చూపించి నవ్వించేది.

పట్టుకుని మోసుకొచ్చిన ఆడవాళ్లు బయటికి వెళ్లారు. దుప్పటి తెర పడింది. లోపల మిగిలింది ముగ్గురు.

రేష్మా గుడ్డసంచిని ఎడమచేతికి తొడుక్కుంది. ముడి పడలేదు. మళ్లీ వేసింది. మళ్లీ జారింది. పళ్లు తాకి టకటకమంటున్నాయి. మేలో ఇంత చలేమిటి?

"మీ నానీకి సుత గిట్లనే వణుకు వస్తుండె," అంది ఖైరున్ బీ చెంబు ముంచుతూ.

"నానీకా?"

"మొదటి చెంబు పడేదాంక. ఎన్నేండ్లు చేసినా పోలే ఆ వణుకు. గందుకే పోయిన మనిషితోని, మయ్యత్‌తోని ముచ్చట పెడుతుండె. బిస్మిల్లా అను, పొయ్యమను."

రేష్మా నోటి నుంచి బిస్మిల్లా వచ్చిందో లేదో ఆమెకే తెలియదు. నీళ్లు పడ్డాయి.

ఇదంతా ఆమె నేర్చుకున్నది ఒక దిండు మీద. పోయిన వానాకాలం దుకాణంలో బేరాల్లేని మధ్యాహ్నం, జాన్ బీ ఒక లావుపాటి గుండ్రటి దిండును బల్ల మీద పరుండబెట్టి "ఈమె పేరు దూది బేగం. పాపం, బిర్యానీ తిని తిని పోయింది," అని మొదలుపెట్టింది. దూది బేగానికి సలాం పెట్టించింది. దూది బేగం పొట్ట ఎలా మెల్లగా ఒత్తాలో చూపించింది. రేష్మా ఫోను చూసుకుంటూ, ఒక కన్నుతో ఇది చూస్తూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. చివర్లో నానీ అడిగింది: "నాకు నువ్వే చెయ్యాలె. ఏమంటవ్?" రేష్మా ఫోనులోంచి తలెత్తకుండా "ఊఁ" అంది. ఆ 'ఊఁ'ను ఇప్పుడు వెనక్కి తీసుకునే వీలుంటే ఆమె ఏమైనా ఇచ్చేది.

దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి, చూపు పక్కకు తిప్పుకుని, ముందు చేయవలసిన శుభ్రం చేసింది. గుడ్డసంచి మార్చింది. నమాజుకు ముందు కడుక్కున్నట్టే వజూ చేయించింది. మొహం, మోచేతుల దాకా చేతులు. తడి దూదితో పెదవుల లోపల తుడిచింది. ముక్కులు తుడిచింది. కుడి మోచెయ్యి వంగలేదు. అన్నీ తెలిసిన చెయ్యే. ఆ చెయ్యితోనే ముద్దలు తినిపించింది. అయినా ముట్టుకున్న ప్రతిసారీ రేష్మా చెయ్యి వెనక్కి లాక్కుని మళ్లీ పెట్టింది.

"మాట్లాడు," అంది ఖైరున్ బీ. "లేకుంటె పడిపోతవ్."

"నానీ," అంది రేష్మా. "నానీ, తల కడుగుతున్న. సబ్బు కండ్లల్ల పడనియ్య."

తల కడిగింది. జుట్టు తెల్లగా, పల్చగా, చెవుల దగ్గర ఇంకా గోరింట ఎరుపుతో ఉంది. నాలుగు రోజుల కిందట తనే పెట్టింది. ఆ ఎరుపు చూడగానే భయం ఒక్క పిసరు తగ్గింది.

"ఇగ ఎడమపక్కకు తిప్పుదాం. ముందు కుడిపక్క కడగాలె. దుప్పటి జారనియ్యకు," అంది ఖైరున్ బీ.

జాన్ బీ గుప్పెడు మనిషి. ఖైరున్ బీ ముంజేతులతో ఇటు నుంచి ఆనించింది, రేష్మా భుజం కింద, నడుము కింద చేతులు పెట్టి పైకి తిప్పింది. తిరుగుతున్నప్పుడు నానీ నోటి నుంచి "హాఁ" అని పొడుగ్గా ఒక ఊపిరి వచ్చింది.

రేష్మా కెవ్వుమంది. చేతులు వదిలేసి దుప్పటి తెరకు వెళ్లి కొట్టుకుంది. బయట సబీహా "ఏమైంది? ఏమైందే?" అని అరిచింది.

"ఏం కాలే!" అని ఖైరున్ బీ కసిరింది. బరువంతా తన ముంజేతుల మీదే ఆగి ఉంది, ముసలామె కాళ్లు ఊగుతున్నాయి. "గాలి బిడ్డా. లోపటి గాలి. అందరు గట్లనే అంటరు. రా, పట్టుకో, నాతోని అయితలే."

పారిపోవాలని రేష్మా అనుకుంది. నిజంగానే తెర అంచు చేతిలోకి తీసుకుంది. కానీ వదిలేస్తే నానీ తఖ్తా మీది నుంచి కింద పడుతుంది. ఆ ఒక్క ఆలోచనే ఆమెను వెనక్కి లాక్కొచ్చింది. రెండు చేతులతో పట్టుకుంది. "సారీ నానీ, సారీ," అంటూనే ఉంది.

నీళ్లు పడుతున్నాయి. రేష్మా గుడ్డచేతిని దుప్పటి కింద వీపు మీదికి పోనిచ్చింది. భుజం, రెక్క ఎముక, దాని కింద...

చెయ్యి ఆగిపోయింది.

గుడ్డ మీదుగానే తగిలింది. గట్టిగా, ఉబ్బెత్తుగా, వేలెడు పొడుగు గీత. దాని కింద ఇంకొకటి. దాని పక్కన ఇంకొకటి. వరసగా, సమాన దూరంలో, నడుము దాకా. ఈ వరస ఆమెకు తెలుసు. చూడకుండానే తెలుసు. దుకాణంలో పరుపుల మీద దూది కదలకుండా వేసే కుట్ల వరస ఇది.

తడి దుప్పటి ఒక మడత పైకి లేచింది, ఆమె చూసింది. పాతవి. ఎంతో పాతవి. చర్మంలో కలిసిపోయి, తెల్లబడి మెరుస్తున్నాయి. కాల్చి పెట్టిన వాతల మచ్చలు. పొడుగు కూడా తెలిసినదే. దుకాణంలో గల్లాపెట్టె పైన మేకుకు వేలాడుతున్న పీరా తాత దబ్బనం అంతే ఉంటుంది. అబ్బా నిషానీ, ఆయన గుర్తు అని ఎవ్వరూ తీయరు. మామూ దానితో ఎన్నడూ కుట్టగా చూడలేదు, వేరేది కొనుక్కున్నాడు.

రేష్మాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఎండాకాలంలో కూడా మెడ దాకా గుండీలు పెట్టుకునే జాకెట్లు. పుల్లకు బీరపీచు కట్టుకుని, ఎవ్వరినీ వీపు రుద్దనివ్వకుండా తనే తోముకోవడం. "మీ చేతులకు గోర్లున్నయే, నా ఒళ్లు మల్లెపువ్వు," అనడం. అందరూ నవ్వడం.

ఆమె తలెత్తి ఖైరున్ బీని చూసింది. చెంబు గాలిలో ఆగింది. పొరలు కమ్మిన కళ్లు ఎటు చూస్తున్నాయో తెలియలేదు.

"ఆగకు," అంది ఖైరున్ బీ చివరికి. "నీళ్లు పోస్తున్న."

"ఖైరున్ నానీ, ఇది..."

"చూసింది ఈడనే కడిగెయ్. గడప దాటొద్దు." నీళ్లు మళ్లీ పడ్డాయి. "నీకు నేర్పలేదా మీ నానీ?"

నేర్పింది. దూది బేగాన్ని పక్కకు తిప్పుతూ చెప్పింది. ఆ ఒక్కచోట మాత్రం నవ్వలేదు. "ఇగో, ఈ వీపు తిప్పినప్పుడు మచ్చుండనీ, మరకుండనీ, నోరు తెరవొద్దు. మనిషి ఏం దాచుకున్నదో అది ఆమె సొత్తు. మన దగ్గరికి అమానత్‌కు, దాచిపెట్టే సొమ్ము లెక్క వస్తది. కన్నబిడ్డ అడిగినా చెప్పొద్దు." ఆ తర్వాత వెంటనే దిండుకు చక్కిలిగింత పెట్టి నవ్వించేసింది.

కన్నబిడ్డ అడిగినా. తెర అవతల ఆ కన్నబిడ్డ వెక్కుతోంది. అమ్మను వద్దన్నది ఏడుస్తుందని కాదు. సబీహాకు తండ్రంటే ప్రాణం. ఇప్పటికీ అబ్బా పేరు చెబితే కళ్లు మెరుస్తాయి. ఆ మెరుపు పోకూడదని, ఈ వీపును ఆమె కంటపడనివ్వకుండా నానీ ఎన్నడో దారి చూసుకుంది. నానీ నవ్వుతూ చెప్పినవేవీ నవ్వుకు చెప్పినవి కావు.

అప్పుడు రేష్మాకు ఇంకో మాట గుర్తొచ్చింది. పొద్దుటి నుంచి పడ్డ భయమంతా ఈ భయం ముందు ఆటలాంటిది.

ఆయన పక్కన పెట్టకుండ్రి.

ఖబరస్తాన్‌లో ఈపాటికి గొయ్యి తవ్వుతూ ఉంటారు.

తర్వాత పని ఆమె చేతులే చేశాయి. ఎడమపక్క కడిగింది. భుజాలు కాస్త ఎత్తి పొట్ట మెల్లగా ఒత్తింది. మళ్లీ ఊపిరి వచ్చింది, ఈసారి బెదరలేదు. కర్పూరం నీళ్లు పోసింది. మెత్తటి తువ్వాలుతో తుడిచింది. వీపు దగ్గర మరీ మెల్లగా అద్దింది, ఇప్పటికీ మండుతుందేమో అన్నట్టు. పరిచి ఉంచిన తెల్లటి కఫన్ గుడ్డల మీదికి చేర్చారు. ఖమీసు తొడిగి, జుట్టును రెండు పాయలు చేసి గుండె మీద వేసింది. నుదుటికి, ముక్కుకు, అరచేతులకు, మోకాళ్లకు, పాదాలకు, సజ్దాలో నేలకు తాకే చోట్లన్నిటికీ కర్పూరం రాసింది. ఓఢ్నీ, ఛాతీ గుడ్డ, చాదరు. తెల్లబట్టలో మొహం మాత్రమే మిగిలింది. "భౌ" అనబోయి ఆగినట్టే ఉంది.

మొహం చూడటానికి మొదట కొడుకును పిలిచారు.

అన్వర్ వంగి లోపలికి వచ్చాడు. పెద్ద మనిషి, ఆ చిన్న తెరల మధ్య ఇమడలేక ఇమిడాడు. తల్లి మొహం చూసి పెదవులు బిగించాడు. ఈ మామూతో ఆమె ఏనాడూ ఎదురు మాట్లాడలేదు. దుకాణంలో ఆయన ఒక్క మాట గట్టిగా అంటే కూలివాళ్లు దారం తెంపుకునేవారు.

"మామూ," అంది. "తాత పక్కన వద్దు."

"ఏందీ?"

"నానీ వద్దన్నది కదా. గురకని..."

అన్వర్ తల తిప్పి చూశాడు. "మజాక్ చేసే టైమా ఇది? తారిఖ్ ఇప్పుడే ఫోన్ చేసిండు, నడుం లోతు అయిందట."

"మజాక్ కాదు మామూ."

"మరేంది? నలుగురు ఏమంటరు? మొగుని పక్కన జాగా ఉంచుకోని పెండ్లాన్ని ఎక్కడనో పెడ్తరా?" గొంతు పెరిగింది. తెర అవతల ఏడుపులు ఒక్కసారి తగ్గాయి. ఆయన గొంతు తగ్గించాడు. "ఏమైంది నీకు? ఏం చూసినవ్?"

రేష్మా నోరు తెరిచింది. మూసుకుంది. మాట నాలుక చివరే ఉంది. ఒక్కటి చెబితే పనైపోతుంది. చెబితే నానీ జీవితమంతా మోసింది తన చేతిలో ఒక్క పూట కూడా నిలవలేదని అవుతుంది. చెప్పకపోతే నానీ ఖయామత్ దాకా, లోకం ముగిసేదాకా అక్కడే పడుకోవాలి. ఏది తప్పో తెలియక తఖ్తా అంచు పట్టుకుంది.

"చూసింది చెప్పొద్దంటరు మామూ," అంది. "నేను చెప్ప. గానీ ఆడ వద్దు. మీ కాళ్లు మొక్కుత."

ఖైరున్ బీ చెంబును కడుగుతోంది. కడిగిన చెంబునే మళ్లీ కడుగుతోంది.

అన్వర్ చూపు తల్లి మొహం మీద నుంచి కఫన్ మీదికి దిగింది. తర్వాత దుకాణం వైపు గోడకు తిరిగింది, గోడలోంచి అవతల మేకు కనిపిస్తున్నట్టు. ఆయన మొహంలో రంగు మారింది.

"దబ్బనమా?" అన్నాడు, ఊపిరంత మెల్లగా.

రేష్మా జవాబు చెప్పలేదు. తల కూడా ఊపలేదు.

అన్వర్ అక్కడే తడినేల మీద గొంతుకూర్చున్నాడు. "చిన్నగుంటి," అన్నాడు, ఎవరితోనో తెలియనట్టు. "రాత్రిళ్లు సప్పుడైతే లేస్తుంటి. తలుపు దగ్గరికి పోతుంటి. అమ్మ వచ్చి నా కండ్ల మీద చెయ్యి పెట్టేది. ఏం లేదు బేటా, మీ అబ్బా గురక. పండుకో." ఆగాడు. "నేను పండుకుంటుంటి."

పరుపులు కుట్టి కుట్టి మొద్దుబారిన ఆ అరచేతులతో మొహం కప్పుకున్నాడు. తర్వాత లేచి, జేబులోంచి ఫోను తీశాడు.

"తారిఖ్. ఆపు. తవ్వుడు ఆపమను. ఆఁ, తెలుసు నడుం లోతు అని. అది ఊకె పోదు, ఎవరికో అక్కరకొస్తది. అటు గోడ దగ్గర నల్లా ఉంది చూడు, దాని పక్కకు జాగా అడుగు. లేదంటె నాకియ్యి, నేను మాట్లాడుత." అవతల ఏదో అడిగాడు కొడుకు. "ఎందుకంటె నేను చెప్తున్న కాబట్టి."

జొహర్ తర్వాత జనాజా లేచింది. గల్లీ మలుపు తిరిగేదాకా రేష్మా గుమ్మంలో నిలబడి చూసింది. మంచం కిందికి పోవాలని అనిపించలేదు.

మూడో రోజు జియారత్. పొద్దున్నే మగవాళ్లు సమాధి మీద పూలు వేసి వచ్చారు. ఇంట్లో ఖురాన్ చదివారు, ఫాతెహా అయింది. చాయ్ కప్పులు తిరుగుతుంటే మాటలు మొదలయ్యాయి. జాన్ బీ మాటలంటే నవ్వులే. శారదమ్మ ఆ గవ్వల మోసం చేసి చూపించింది. బోనాల ఊరేగింపులో డప్పు మోత వినగానే, వంటింట్లో తలుపేసుకుని గరిటె పట్టుకుని చిందేసి, పట్టుబడి, "నమాజుకు ముందు ఒళ్లు సాపు చేసుకుంటున్న," అన్న సంగతి ఎవరో చెప్పారు. రేష్మా కూడా దూది బేగం గురించి చెప్పింది, వీపు తిప్పడం దాకా చెప్పి ఆపేసింది.

తిరుమలగిరి నుంచి వచ్చిన ఒక ముసలి బంధువు గడ్డం దువ్వుకుంటూ కూర్చున్నాడు. పీరా సాబ్‌కు పినతండ్రి కొడుకు. చచ్చినవాడి కళ్లు చేరెడంటారు కదా, ఆయన పీరా సాబ్ గుణాలు ఎత్తుకున్నాడు. "బంగారమసొంటి మనిషి. నోట్లె నాలుక లేదు. చీమకు సుత తక్లీఫ్ ఇయ్యలే." సబీహా కళ్లు మెరిశాయి. "గసొంటి మనిషి పక్కన జాగా ఖాళీ పెట్టి, వదినెను నల్లా దగ్గర పెడ్తివేంది అన్వర్? జనం అడుగుతుండ్రు."

కప్పులు ఆగాయి. రేష్మా చేతిలోని ట్రే అంచున చెంచా గలగలలాడింది. మామూ మొహం చూడటానికి కూడా ధైర్యం చాలలేదు. చెప్పేస్తాడా? అమ్మ ముందు? ఖైరున్ బీ గోడవారన తస్బీ తిప్పడం ఆపింది.

అన్వర్‌కు జోకులు రావు. జీవితంలో ఒక్క జోకు చెప్పి ఎరుగడు. కప్పు కింద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఏం చేద్దాం చిచ్చా," అన్నాడు. "అబ్బా గురక పెడ్తడు కదా. అమ్మకు నిద్ర పట్టది."

ముందు శారదమ్మ పకాలున నవ్వింది. తర్వాత గది గదంతా. ముసలాయన కూడా గడ్డం ఊగేలా నవ్వాడు. "అచ్చం వదినె లెక్కనే అన్నవ్ రా!" ఎవరో కళ్లు తుడుచుకున్నారు. రేష్మాకు కూడా నవ్వు వచ్చింది. దానితోపాటే, మూడు రోజులుగా రానిది, ఏడుపు కూడా వచ్చింది. ట్రే పక్కన పెట్టి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్వి నవ్వి కళ్లనీళ్లు వస్తున్నాయనుకున్నారు అందరూ. నానీ కూడా ఇలాగే కళ్లు ఒత్తుకునేది.

సబీహా అందరితోపాటు నవ్వింది. నవ్వు ఆగాక, కప్పు పట్టుకుని కాసేపు ఆలోచించింది.

"అన్నా," అంది. "నేను సుత ఆ ఇంట్లనే పండుకుంటి కదా. అబ్బా గురక పెట్టంగ నేనెన్నడు ఇనలే. ఒక్కసారి సుత యాది లేదు నాకు."

అన్వర్ చెల్లెలి వైపు చూశాడు. చాలా మెత్తగా చూశాడు.

"నువ్వు చిన్నగుంటివి," అన్నాడు. "మంచిగ నిద్రపోతుంటివి." ఆమె చేతిలోంచి ఖాళీ కప్పు తీసుకుని రేష్మాకు అందించాడు.